సైకిల్ వెనక చక్రానికి లావు స్పోకులా, బటెడ్ (నడుము సన్నగా ఉండే) స్పోకులా? టెన్షన్ (బిగింపు) ఎంత పెట్టాలి?

గవర్నర్‌పేట నుంచి ఒకరు: 32 రంధ్రాల వెనక చక్రం, 10 స్పీడ్ క్యాసెట్ (వెనక గేర్ల పళ్లచక్రాల గుత్తి). మనిషి 90 కిలోలు, సంచులు 10 కిలోలు, రోజూ విజయవాడ నుంచి గుంటూరు. స్పోకులు హబ్ (చక్రం నడిబొడ్డు) దగ్గర వంపులోనే తెగుతున్నాయి. 13 గేజి, అంటే 2.3 మి.మీ. వేస్తే ఆగుతుందా?

అరండల్‌పేట: ఆగదండి. బరువు లాగితే తెగేది కాదు అది. చక్రం తిరిగిన ప్రతిసారీ నేలకు ఆనిన చోట స్పోకు వదులై మళ్లీ బిగుస్తుంది. అలా లక్షల సార్లు జరిగి వంపులో లోహం అలసిపోతుంది. 290 మి.మీ. సాదా 2.0 స్పోకు 100 కిలోల టెన్షన్‌కు సుమారు 0.45 మి.మీ. సాగుతుంది. నిపుల్ (రిమ్ దగ్గర స్పోకును బిగించే నట్టు) ఒక్క చుట్టు తిప్పినంత, అంతే. నడుము 1.8 ఉన్న బటెడ్ అయితే 0.55 దాకా సాగుతుంది, కాబట్టి రిమ్ అణిగినా తొందరగా వదులవదు. వంపు దగ్గరా మర దగ్గరా 2.0 అలాగే ఉంటుంది. 13 గేజికి నిపుల్ కూడా లావు, మీ రిమ్ రంధ్రంలో దూరాలి కదా.

వన్‌టౌన్: నల్ల సైకిళ్లు సాదా స్పోకులతోనే బియ్యం బస్తాలు మోస్తున్నాయి. వాటికి ఈ బటెడ్ గొడవే లేదు.

అరండల్‌పేట: వాటికి వెనక 40 స్పోకులు, క్యాసెట్ లేదు, రెండు వైపులా ఇంచుమించు ఒకే వాలు. ఇక్కడ క్యాసెట్ వల్ల కుడివైపు స్పోకులు దాదాపు నిటారుగా నిలబడతాయి. కుడికి 110 కిలోల టెన్షన్ పెడితే ఎడమకు 60 చుట్టూనే వస్తుంది. ముందు వదులయ్యేది ఆ ఎడమవైపే. బటెడ్ అసలు అక్కడే కావాలి.

పటమట: ఎంత బిగిస్తే అంత మంచిదనుకోవద్దు. జంట స్పోకులను నొక్కినప్పుడు రిమ్ వంకర తిరిగేదాకా బిగించి, అర చుట్టు వెనక్కి తిప్పడం పాత పద్ధతి. నేటి తేలిక రిమ్‌లకు అది ప్రమాదం, రంధ్రాల చుట్టూ పగుళ్లు వస్తాయి. రిమ్ తయారీదారు రాసిన పరిమితే హద్దు. టెన్షన్ కొలిచే మీటరు లేకపోతే స్పోకును మీటి వినండి, ఒకే వైపు స్పోకులన్నీ ఒకే శ్రుతిలో మోగాలి. మరలకు నూనె చుక్క, నిపుల్ ఇత్తడిదే. సన్నటి స్పోకు నిపుల్‌తోపాటే మెలి తిరుగుతుంది. అందుకే పావు చుట్టు ఎక్కువ తిప్పి, అంతే వెనక్కి తెండి. ఆఖరున పక్కపక్క జంటలను గ్లౌజు వేసుకుని గట్టిగా పిండండి, వంపులో మిగిలిన ఒత్తిడి పోతుంది. ఈ పని ఎగ్గొట్టిన చక్రాలే ఎక్కువగా వంపులో తెగుతాయి. పిండాక బెండు మళ్లీ తీయాలి.

వన్‌టౌన్: ఎడమకు బటెడ్ ఒప్పుకుంటాను. కుడికి మాత్రం సాదా 14 గేజే (2.0 మి.మీ.), మంగళగిరిలో తెగినా దొరుకుతుంది.

అరండల్‌పేట: దొరికినా మీ పొడవుది దొరకాలి. కుడివి ఎడమవాటికంటే ఒకటి రెండు మి.మీ. పొట్టి. రెండేసి చొప్పున ఫ్రేముకు టేపుతో కట్టుకోండి. కుడివైపుది మార్చాలంటే క్యాసెట్ విప్పే పనిముట్టు కూడా సంచిలో ఉండాలి.