కొత్త డెస్క్‌టాప్‌కు ఐ5-14400ఎఫ్ తీసుకోవాలా, రైజెన్ 5 7500ఎఫ్ తీసుకోవాలా?

తాళపత్రం:
సాయంత్రం ఆరింటికి కూర్చున్నాను. ఇప్పుడు రాత్రి పన్నెండున్నర అవుతోంది, ఇంకా ఒక నిర్ణయానికి రాలేకపోయాను. కొత్త డెస్క్‌టాప్ కోసం విడిభాగాలు ఎంచుకుంటూ రెండు జాబితాలు రాసుకున్నాను. మొదటి దాంట్లో ఇంటెల్ ఐ5-14400ఎఫ్ ప్రాసెసర్, బీ760 మదర్‌బోర్డు. రెండో దాంట్లో ఏఎండీ రైజెన్ 5 7500ఎఫ్, బీ650 మదర్‌బోర్డు. రెండింటిలోనూ ఫైళ్ల నిల్వకు 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ఉంది. పాత సీపీయూ ఎలాగూ ఉంది కాబట్టి మిగిలినవేవీ లెక్కలోకి తీసుకోలేదు. ఇంతసేపూ చదివిన పోలికల్లో ఏ ఒక్కటీ ఇంకొక దానితో ఏకీభవించడం లేదు. పైగా ఆ పట్టికలన్నీ ఆటల్లో సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తాయన్న దాని చుట్టూనే తిరుగుతున్నాయి. నాకు కావలసింది ఒక్క మాట. ఈ రెండింటిలో ఏది తీసుకోవాలో దయచేసి సూటిగా చెప్పండి.

క్లుప్తం:
రెండూ వద్దు. పేరు చివర ‘ఎఫ్’ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు. మీ జాబితాలో గ్రాఫిక్స్ కార్డు లేదు. తెర మీద బొమ్మ రాదు.

స్థిరవిద్యుత్తు:
ప్రాసెసర్ సంగతి తెలిసినవారు చెబుతారు. నన్ను కలవరపెడుతున్నది మీ జాబితాలో ఎస్‌ఎంపీఎస్ ఊసే లేకపోవడం. దాదాపు ప్రతివారూ ప్రాసెసర్ మీద వారం రోజులు తర్జనభర్జన పడి, ఎస్‌ఎంపీఎస్ దగ్గరికి వచ్చేసరికి ఏదో ఒకటిలే అనుకుంటారు. కానీ గోడలోంచి వచ్చే కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి ప్రతి భాగానికీ అందించేది అదే కాబట్టి, అది చెడితే తనతోపాటు మిగిలిన వాటిని కూడా ముంచే అవకాశం ఉంటుంది.

ఇంకొక అపోహ కూడా ఉంది. పెట్టె మీద ‘80 ప్లస్’ ముద్ర కనిపించగానే నాణ్యమైనదని నమ్మేస్తారు. 2004లో మొదలైన ఆ ముద్ర చెప్పేది గోడ నుంచి తీసుకున్న విద్యుత్తులో ఎంత భాగం వృథా కాకుండా లోపలికి చేరుతుందన్నదే. 115 వోల్టుల పరీక్షలో సగం భారం మీద బ్రాంజ్ అయితే 85 శాతం, గోల్డ్ అయితే 90 శాతం చేరాలి. లోపల విద్యుత్తును నిలవచేసే కెపాసిటర్లు ఎన్నేళ్లు మన్నుతాయో, భారం అకస్మాత్తుగా పెరిగితే రక్షణ వలయం పనిచేస్తుందో లేదో ఆ ముద్ర చెప్పదు. కొన్నాళ్ల క్రితం నా యంత్రం పెద్ద ఫైలు తెరిచినప్పుడల్లా దానంతట అదే ఆగి మళ్లీ మొదలయ్యేది. ర్యామ్ మార్చాను, విండోస్ మళ్లీ ఎక్కించాను, గుణం కనిపించలేదు. చివరికి మరమ్మతు చేసేవారు ఎస్‌ఎంపీఎస్ విప్పి చూపించారు. మూడు కెపాసిటర్ల తలలు ఉబ్బి, ఒకదాని నెత్తిన గోధుమరంగు జిగురు గడ్డకట్టి ఉంది. తీగ పీకేసిన తర్వాత కూడా అందులో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది కనుక ఎవరూ సొంతంగా విప్పి చూడవద్దు. మీ ఎస్‌ఎంపీఎస్ ఎన్ని వాట్లది, ఎన్నేళ్లుగా వాడుతున్నారు?

జాగరూకుడు:
ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లలో అస్థిరత సమస్య వచ్చిన సంగతి తెలిసీ 14వ తరం ఎలా ఎంచుకున్నారు? అధిక వోల్టేజీ వల్ల అవి లోలోపల దెబ్బతింటున్నాయని తేలి, 2024 ఆగస్టులో దిద్దుబాటు మైక్రోకోడ్ (ప్రాసెసర్‌ను లోపల నడిపే ప్రోగ్రాము) విడుదల చేసి, వారంటీని రెండేళ్లు పొడిగించవలసి వచ్చింది. నేనైతే ఆ దరిదాపులకు పోను.

పాతకొత్త:
జాగరూకుడు గారూ, సమస్య నిజమే కానీ ఆ తరాల ప్రాసెసర్లన్నీ ఆ జాబితాలో లేవు. ఐ5 వరకు చూస్తే ఇంటెల్ ప్రకటించిన వాటిలో 13600కే, 14600కే, వాటి ఎఫ్ రూపాలు ఉన్నాయి. 14400 లేదు. భయపడవలసిన చోట భయపడదాం, ఇక్కడ ఆ అవసరం లేదు.

తాళపత్రం గారూ, మీరు చెప్పనివి రెండున్నాయి. ఈ యంత్రంతో ఏం పని చేస్తారు? పాత సీపీయూను మళ్లీ వాడతానంటున్నారు, మరి కొత్త ప్రాసెసర్ ఎందుకు?

అక్షరశుద్ధి:
గందరగోళమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. సీపీయూ అంటే ప్రాసెసర్, అంటే మదర్‌బోర్డు మీద సాకెట్‌లో కూర్చునే అరచేతి కన్నా చిన్న చిప్పు. మొత్తం పెట్టెను సీపీయూ అనడం వాడుకలో పాతుకుపోయింది కానీ, విడిభాగాలు కొనే సందర్భంలో ఆ వాడుక నష్టం చేస్తుంది. ‘పాత సీపీయూ ఉంది’ అన్న వాక్యాన్ని ఇక్కడ ఒకరు ప్రాసెసర్ అని అర్థం చేసుకుంటారు, మరొకరు ఖాళీ కేబినెట్ అనుకుంటారు. దయచేసి పెట్టెను కేబినెట్ అనీ, లోపల ఉన్నవాటిని వాటి పేర్లతోనూ రాయండి.

తాళపత్రం:
పాత సీపీయూ అంటే పాత పెట్టె అండీ, అందరికీ అర్థమవుతుందనుకున్నాను. అందులోంచి కేబినెట్, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్, రెండు 8 జీబీ ర్యామ్ స్టిక్కులు తీసుకుందామని నా ఉద్దేశం. ఎస్‌ఎంపీఎస్ కొని తొమ్మిదేళ్లయింది, ఇప్పటికీ పనిచేస్తోంది. ర్యామ్ స్టిక్కును ఇప్పుడే తీసి చూశాను, దాని చీటీ మీద పీసీ4-19200 అని ఉంది. 19200 అంటే చాలా వేగవంతమైనదనే కదా అర్థం? ఇక ఆ ‘ఎఫ్’ గురించి ఎక్కడా చదవలేదు, కొత్త రకానికి గుర్తనుకున్నాను. గ్రాఫిక్స్ కార్డు ఆటలు ఆడేవారికే అని అందరూ చెబుతుంటే నాకెందుకని వదిలేశాను. పాత పెట్టెలో కార్డేమీ లేకుండానే మానిటర్ పనిచేస్తోంది కదా.

క్లుప్తం:
పీసీ4 అంటే డీడీఆర్4 తరం ర్యామ్. బీ650లో పట్టదు.

అక్షరశుద్ధి:
19200 అన్నది సెకనుకు ఎన్ని మెగాబైట్లు మోయగలదో చెప్పే అంకె. దాన్ని 8తో భాగిస్తే 2400 వస్తుంది, అంటే మీది డీడీఆర్4-2400. ఆ 2400ను మెగాహెర్ట్జ్ అనడం కూడా తప్పే. గడియారం నడిచేది 1200 మెగాహెర్ట్జ్ దగ్గర, ఒక్కో చుట్టులో రెండుసార్లు సమాచారం కదులుతుంది కనుక సెకనుకు 2400 మెగాట్రాన్స్‌ఫర్లు అనాలి.

స్థిరవిద్యుత్తు:
అమ్మేవారే మెగాహెర్ట్జ్ అని రాసుకుంటున్నారు, కొనేవారు కూడా అలాగే అడుగుతున్నారు. ఈ తేడా తెలిసినందువల్ల ఆయన ఎంపిక మారుతుందా?

అక్షరశుద్ధి:
మారుతుంది. సెట్టింగుల్లో 1200 అని కనిపించగానే ర్యామ్ సగం వేగంతోనే నడుస్తోందని హైరానాపడి, ఉన్నదాన్ని పారేసి కొత్తది కొన్నవారిని నేను ఎరుగుదును. మాట సరిగ్గా తెలిస్తే ఆ డబ్బు మిగిలేది.

పాతకొత్త:
ఇద్దరూ కాస్త ఆగండి, ఆయన ఎంపికను మార్చే విషయం వేరే ఉంది.

తాళపత్రం గారూ, 2022లో వచ్చిన ఏఎమ్5 సాకెట్ మీద డీడీఆర్5 ర్యామ్ మాత్రమే పనిచేస్తుంది. బీ650 మదర్‌బోర్డు ఆ సాకెట్‌దే. డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 పిన్నులే ఉండటంవల్ల చూపుకు ఒకేలా కనిపిస్తాయి కానీ, అంచు మధ్యలో ఉన్న గాడి రెండింటికీ ఒకేచోట ఉండదు. పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. పట్టడం లేదని బలవంతంగా నొక్కితే స్లాటు విరుగుతుంది. అంటే మీ రెండో జాబితాలో పాత ర్యామ్‌కు చోటు లేదు. మొదటి జాబితాలో చోటు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. బీ760 బోర్డులు డీడీఆర్4తో కొన్ని, డీడీఆర్5తో కొన్ని వస్తాయి. కొన్ని తయారీదారులు డీడీఆర్4 బోర్డు పేరు చివర డీ4 అని చేరుస్తారు. పేరును నమ్ముకోకుండా వివరాల పట్టికలో మెమరీ అన్న వరుస చదివి నిర్ధారించుకోండి.

బొమ్మ విషయానికి వస్తే, మీ పాత యంత్రంలో కార్డు లేకుండానే మానిటర్ వెలుగుతోందంటే దాని ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉందని అర్థం. మీరు ఎంచుకున్న రెండు ఎఫ్ ప్రాసెసర్లలోనూ అది లేదు. మదర్‌బోర్డు వెనుక హెచ్‌డీఎంఐ రంధ్రం ఉన్నా అందులోంచి ఏమీ రాదు. యంత్రం చక్కగా నడుస్తూనే ఉంటుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. ఇంటెల్‌లో ఎఫ్ లేని 14400, ఏఎండీలో 7600 తీసుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

పని ఏమిటో ఇంకా చెప్పలేదు మీరు.

తాళపత్రం:
చెప్పానని అనుకున్నాను, మన్నించండి. పాత పుస్తకాలను స్కాన్ చేసి, పుటల మరకలు తుడిచి, వంకరలు సరిచేసి, పీడీఎఫ్‌గా కూర్చి, టెసరాక్ట్ అనే ప్రోగ్రాముతో అక్షరాలు గుర్తింపజేస్తాను. పెళుసుబారిన పుటలు, కొన్ని వేలు తగిలితేనే రాలిపోతున్నాయి, రెండోసారి స్కాన్ చేసే వీలుండదు. అందుకే రంగుల్లో 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) పెడుతున్నాను. ఇప్పటి యంత్రం మీద ఒక పుస్తకం పీడీఎఫ్ కూర్చేటప్పుడు మౌస్ కూడా కదలదు. ఆటలు ఆడను.

పాతకొత్త:
ఈ పేరా మొదట్లోనే వచ్చి ఉంటే సగం చర్చ తప్పేది. మీ పని అంకెల్లో చూడండి. ఏ4 పుట 600 డీపీఐలో 4960 నిలువు వరుసలు, 7016 అడ్డు వరుసలు, అంటే సుమారు 3 కోట్ల 48 లక్షల చుక్కలు. చుక్కకు 3 బైట్ల రంగు చొప్పున ఒక్క పుట 104 మెగాబైట్లు. కుదించకుండా దాస్తే 300 పుటల పుస్తకం 31 జీబీకి పైమాటే. మీరు రాసుకున్న 1 టీబీ ఎస్‌ఎస్‌డీ ముప్పై పుస్తకాలకు నిండిపోతుంది. కనుక పని జరుగుతున్న పుస్తకాన్ని ఎస్‌ఎస్‌డీలో ఉంచుకుని, పూర్తయిన వాటికి పెద్ద హార్డ్ డిస్కు, దాని నకలుగా యంత్రానికి బయట ఇంకొకటి ఉండాలి. మళ్లీ స్కాన్ చేయలేని పుటలంటున్నారు కాబట్టి ఆ రెండో నకలు కోసం ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగినా తప్పులేదని నా గట్టి అభిప్రాయం.

టెసరాక్ట్ పని ప్రాసెసర్ మీదే జరుగుతుంది, గ్రాఫిక్స్ కార్డు అక్కరలేదు. ఒకేసారి పలు పుటలు నడిపిస్తే కోర్లు, అంటే ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలు, ఎన్ని ఉంటే అంత మేలు. 14400లో పెద్ద కోర్లు 6, చిన్నవి 4 ఉన్నాయి. 7600లో కోర్లు 6. ఈ పనికి మొదటిదే అనువుగా తోస్తోంది.

ఇక ఆ మౌస్ కదలకపోవడం ర్యామ్ చాలకనా, డిస్కు నెమ్మదివల్లనా అన్నది తేల్చుకోవాలి. పీడీఎఫ్ కూర్చేటప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి మెమరీ గీత ఎంతవరకు ఎక్కుతుందో చూసి చెప్పండి.

జాగరూకుడు:
14400 దెబ్బతినదని ఒప్పుకుంటాను, కానీ అది కూర్చునే ఎల్‌జీఏ1700 సాకెట్ ప్రస్థానం ఆ తరంతో ముగిసిపోయింది. 2024 అక్టోబరులో వచ్చిన తర్వాతి ప్రాసెసర్లకు సాకెట్ వేరు, ర్యామ్ డీడీఆర్5 మాత్రమే. ఏఎమ్5కు 2027 దాటి కూడా మద్దతు ఉంటుందని ఏఎండీ ప్రకటించింది. రెండు పాత స్టిక్కుల కోసం ముగిసిపోయిన దారిలో వెళ్లమంటున్నారా?

పాతకొత్త:
తొమ్మిదేళ్లు ఒకే యంత్రంతో నెట్టుకొచ్చిన మనిషి నడుమ ప్రాసెసర్ మార్చరు. మార్చేనాటికి బోర్డు కూడా మారుతుంది. అయితే 32 జీబీ కావలసి వస్తే మాత్రం మీ మాటకు బలం ఉంది, ఎలాగూ కొత్త ర్యామ్ కొనవలసిందే కనుక.

తాళపత్రం:
చూశాను. 200 పుటల పుస్తకం కూర్చుతుండగా మెమరీ 15.7 జీబీలో 15.2 దగ్గర నిలబడిపోయింది, డిస్కు 100 శాతం చూపించింది. నాలుగు స్లాట్ల డీడీఆర్4 బోర్డు తీసుకుని, పాత రెండింటి పక్కన ఇంకో రెండు 8 జీబీ స్టిక్కులు పెడితే సరిపోతుందా?

క్లుప్తం:
పనిచేయవచ్చు. హామీ లేదు. ఒకే పెట్టెలో వచ్చిన రెండు 16 జీబీ స్టిక్కుల జత తీసుకోండి. రెండో, నాలుగో స్లాట్లలో పెట్టండి.

పాతకొత్త:
వేర్వేరు తయారీల స్టిక్కులు కలిస్తే అన్నీ నెమ్మదైనదాని వేగానికే దిగుతాయి, అప్పుడప్పుడు యంత్రం మొదలవడానికే మొరాయిస్తుంది. ముందు పాతవాటితో మొదలుపెట్టి, పుస్తకాన్ని యాభై పుటల ముక్కలుగా కూర్చి చివర కలపండి. అప్పటికీ చాలకపోతే క్లుప్తం గారు చెప్పిన జత కొని పాతవి తీసేయండి.

జాగరూకుడు:
అలా రెండుసార్లు ఆలోచించడం కన్నా ఇప్పుడే 7600, మొత్తం 32 జీబీ డీడీఆర్5 జత తీసుకోవడం మేలని ఇప్పటికీ అంటాను. మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ను సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు తెర నల్లగా ఉంటుంది, కంగారుపడి ఆపేయవద్దు.

తాళపత్రం:
14400, డీడీఆర్4 ఉన్న బీ760, పాత ర్యామ్‌తో మొదలు. రెండో హార్డ్ డిస్కు కూడా జాబితాలో చేర్చాను. అందరికీ ధన్యవాదాలు, ఇక పడుకుంటాను.

స్థిరవిద్యుత్తు:
ఎస్‌ఎంపీఎస్ సంగతి తేల్చకుండానే వెళ్లిపోతున్నారు. 14400 గరిష్ఠంగా 148 వాట్లు తీసుకోగలదు. కార్డు లేదు కనుక 450 వాట్లు అంకెలో ధారాళంగా సరిపోతాయి, నా బెంగ దాని వయసు గురించే. ప్రాసెసర్‌కు కరెంటు అందించే కనెక్టరు మీ పాతదానికి 4 పిన్నులదా, 8 పిన్నులదా? కేబినెట్ పక్క పలక తీస్తే మదర్‌బోర్డు పైమూలన కనిపిస్తుంది, చూసి చెప్పగలరా?