నాయినకు అర్జెంట్ ఆపరేషన్ చేసి పొట్ట మీద సంచి పెట్టిండ్రు, ఇంట్ల ఎట్ల చూసుకోవాలె?

దేవరకొండ_బిడ్డ:
అన్నలు, అక్కలు జర చెప్పుండ్రి. మా నాయినకు కడుపు గట్టిగ ఉబ్బి, గాలి గూడ పోక, పచ్చటి వాంతులైతుంటే రాత్రికి రాత్రి నల్లగొండ తీస్కపోయినం. సీటీ స్కాన్ల పెద్దపేగు మెలిపడ్డదని తెలిసింది, లోపల నల్లగ కుళ్లిందట, ఆ ముక్క కోసేసి పై కొసను ఎడమ దిక్కు పొట్ట మీదికి తెచ్చి మలం పడేటందుకు సంచి పెట్టిండ్రు. మిగిలిన రెండు కొసలు అప్పుడే ఎందుకు కలపలే? నాయిన ఎవ్వరినీ మంచం దగ్గరికి రానిస్తలేడు. పైగా కింది నుంచి జిగట పడుతుంది, అది చూస్తే ఇంకా భయమైతుంది.

సర్జరీ_పీజీ_పాలమూరు:
చెల్లె, అప్పుడే కలపకపోవుడే మంచిదైంది. రక్తం ఆగి పేగు చచ్చిపోయినప్పుడు కడుపుల ఇన్ఫెక్షన్ ఉంటది, బీపీ పడిపోతది, మిగిలిన పేగు గూడ ఉబ్బి ఉంటది, అసొంటప్పుడు వేసిన కుట్లు అతకకుంట ఊడినయంటే మలమంతా కడుపుల పడి ప్రాణం మీదికొస్తది. అందుకే కింది కొస మూసేసి పై కొస బయటికి తెస్తం. హార్ట్‌మన్ ఆపరేషన్ అంటరు, 1921ల ఆ ఫ్రాన్స్ సర్జన్ క్యాన్సర్ కోసం చెప్పిండు గానీ ఇప్పుడు ఎమర్జెన్సీలల్ల మస్తు పనికొస్తుంది. జిగటకు భయపడకు, మూసిన కింది పేగు బతికే ఉంటది, దాని జిగట అది తయారు చేస్తనే ఉంటది. రక్తం, చీము పడితే మాత్రం చూపియ్యాలె. మళ్లా కలిపేది మనిషి కోలుకున్నంక, మామూలుగ 3 నుంచి 6 నెలలకు.

స్టాఫ్‌నర్సు_అక్క:
రోజూ పొద్దున ఆ పేగు మూతి రంగు చూడమ్మా. ఎర్రగ, తడిగ, మన పెదవి లోపలి తోలు లెక్క ఉండాలె. ఊదాగనో నల్లగనో మారితే తెల్లారేదాక ఆగొద్దు, వెంటనే దవాఖానకు పోవాలె. ముట్టుకుంటే నొప్పి తెల్వదు, తుడిచేటప్పుడు చుక్క రక్తమొస్తే గాబరా వద్దు. సంచి మూడో వంతు నిండంగనే ఖాళీ చెయ్యాలె, లేకుంటే బరువుకు ఊడుతది. సంచిని తోలుకు అంటించే ప్లేటుకు బొక్క, పేగు మూతి కన్నా 2, 3 మిల్లీమీటర్లే ఎక్కువ కత్తిరించు, పెద్దగ కోస్తే మలం తగిలి తోలు పుండైతది, నేను ఎక్కువ చూసేది ఇదే. 6, 8 వారాల దాక మూతి చిన్నగైతుంటది కాబట్టి ప్రతిసారి కొలువు. వట్టి నీళ్లతో కడిగి, అద్ది, మంచిగ ఆరినంకనే అంటించు, కొబ్బరినూనె రాస్తే అస్సలు అంటుకోదు.

మిర్యాలగూడ_కోడలు:
మా అత్తమ్మది చిన్నపేగు సంచి, కుడి దిక్కు, పలచగ పోతుండె, ఓఆర్ఎస్ తాపుకుంటనే ఉంటిమి. మీది పెద్దపేగు, అంత తిప్పలుండదు. సంచి ఖాళీ చేసుడు నాయినకే నేర్పించుండ్రి, మా అత్తమ్మ ఆమెకామె మార్చుకునుడు వచ్చినంకనే నలుగుట్ల కూసునుడు మొదలువెట్టింది. బరువులు ఎత్తనియ్యకుండ్రి, మూతి పక్కన పేగు తోసుకొచ్చి ఉబ్బుతది, హెర్నియా అంటరు. మళ్లా కలిపే ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ సంగతి ఆరోగ్యమిత్రను ఇప్పుడే అడుగుండ్రి, డిశ్చార్జి కాయితం, బయాప్సీ రిపోర్టు జాగ్రత్తగ దాచుండ్రి, మళ్లా చేసే డాక్టరు ముందుగాల అవే అడుగుతడు.