తీర్థంలో కచేరీలు ఎంచేది ఎవరు: చందా ఇచ్చిన ఊరా, వాయించేవాడా?

కాలవగట్టు:
మాది అమలాపురం దగ్గర ఊరు. సుబ్రహ్మణ్య షష్ఠికి అయిదు రాత్రులు తీర్థం చేస్తాం. ఏటా ఒక హరికథ, ఒక పద్యనాటకం, రెండు రాత్రులు సినిమా పాటల ఆర్కెస్ట్రా, ఆఖరి రోజు పిల్లల డాన్సులు. కిందటేడు ఒక రాత్రి మొత్తం మా ఊరి కుర్రాడికి వదిలేశాం. హైదరాబాద్‌లో బేస్ గిటార్ (కింది స్వరాలు పలికే లావు తీగల గిటార్) వాయిస్తాడు. ఏం పెట్టాలో, ఎవరిని పిలవాలో నువ్వే చూసుకో అన్నాం. పక్క ఊరి సన్నాయి మేళాన్ని, కాకినాడ నుంచి కంజీర (చేత్తో పట్టుకుని వాయించే చిన్న డప్పు) వాయించే ఆయన్ని, ల్యాప్‌టాప్ పట్టుకున్న ఒక అమ్మాయిని తెచ్చాడు. ఆ అమ్మాయి మా లాకుల దగ్గర నీళ్ల హోరు, రైస్‌మిల్లు చప్పుడు ముందే రికార్డ్ చేసుకుంది. ఆ చప్పుళ్ల మీద అందరూ కలిసి యాభై నిమిషాలు వాయించారు. ఇరవై నిమిషాలకే సగం కుర్చీలు ఖాళీ.

ఈసారి వాడికి రెండు రాత్రులు ఇద్దామనేవాళ్లం కమిటీలో ముగ్గురం. జన్మలో వద్దనేవాళ్లు తొమ్మిది మంది. ఆదివారం మీటింగ్. సంగీతం తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు కూడా చెప్పండి: కార్యక్రమాలు ఎంచే పని వాయించేవాళ్ల చేతిలో పెట్టొచ్చా?

మావుళ్ళమ్మ వీధి:
పెట్టకూడదు. షష్ఠి అంటే మాసూళ్ల రోజులు. పొద్దంతా చేలో ఉండి, స్నానం చేసి, చాపో కుర్చీయో తెచ్చుకుని కూర్చునే మనిషికి మళ్లీ రైస్‌మిల్లు చప్పుడే వినిపిస్తారా? ఆ చప్పుడు తప్పించుకుందామనే కదా గుడికి వచ్చింది! చందా రాసినవాడు వాళ్లమ్మకి ఇష్టమైన పద్యం అడిగితే తప్పేముంది? మా భీమవరంలో అమ్మవారి ఉత్సవాలకి ఇన్ని రోజుల కార్యక్రమాలు పెడతారు, జనానికి ఏం కావాలో వర్తకులకి బాగా తెలుసు. కొట్లో కూర్చున్నవాడికి తెలియనిదా అది?

పాలకొల్లు ప్యాసింజర్:
జనానికి కావాల్సిందే పెట్టాలంటే మా ఊళ్లో 1969లో పుట్టిన ఒక పిల్లాడు ఏమై ఉండేవాడు? మాండొలిన్ శ్రీనివాస్ గారు చిన్నప్పుడు మొదలుపెట్టింది వాళ్ల నాన్నగారి మాండొలిన్. అది లైట్ మ్యూజిక్ బృందాల వాయిద్యం, గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, దాని మీద నిలవదు అనేవారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విని తీగ మీద వెతుక్కునేవాడు. ఎనిమిది తీగలు తీసేసి అయిదు పెట్టుకుని, కరెంటు మాండొలిన్ చేసుకుని, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించారు. అప్పటికి పద్నాలుగేళ్లు! ఏ వర్తక సంఘమూ ఓటు వేసి ఎంచలేదండి ఆయన్ని.

మావుళ్ళమ్మ వీధి:
అన్నా, మీరు చెప్పిన కథ నా వైపే మాట్లాడుతోంది. ఆయన మొదటి కచేరీ 1978లో గుడివాడలో, త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో. వాయిద్యం కొత్తది, వాయించింది మాత్రం అందరికీ తెలిసిన కీర్తనలు. ముసలావిడ కూడా తల ఊపేవి. మన శంకరగుప్తంలో పుట్టిన గాయకుడు బాలమురళీకృష్ణ గారు నాలుగు స్వరాలతో లవంగి రాగం కట్టారు, నిజమే. కానీ ఆయన గొంతులో ముందు త్యాగరాజ పంచరత్న కీర్తనలు వినే కదా జనం లవంగికి చెవి ఇచ్చింది? పేరు తెచ్చుకున్నాక ప్రయోగం చెయ్యండి, ఎవరు కాదంటారు.

హార్మోనియం మెట్లు:
పేరున్నా వదల్లేదు లెండి. కొత్త రాగాలు కట్టానని బాలమురళి గారంటే, అవి రాగాలే కావని వీణ బాలచందర్ గారు ఎంత గొడవ చేశారో పాత పత్రికలు తిరగేస్తే తెలుస్తుంది. ఇంకో మాట. మీరు మెచ్చుకునే పద్యనాటకంలో హార్మోనియం పెట్టె ఎక్కడిది? యూరప్‌ది. 1940లో రేడియో వాళ్లు హార్మోనియం మన సంగీతానికి పనికిరాదని నిషేధించి, దాదాపు ముప్పై ఏళ్లు గాలిలోకి రానివ్వలేదు. ఆ ముప్పై ఏళ్లూ మన పల్లెల్లో పందిళ్ల కింద తెల్లారేదాకా అదే మోగింది. ఢిల్లీలో ఎంచేవాళ్లు వద్దన్నదాన్ని ఇక్కడ జనమే నిలబెట్టారు. కాబట్టి జనానికి చెవి లేదంటే నేను ఒప్పుకోను. కమిటీకే చెవి ఉందంటే అదీ ఒప్పుకోను.

కోనసీమ టు క్రాయిడన్:
లండన్‌లో సౌత్‌బ్యాంక్ సెంటర్ వాళ్లు మెల్ట్‌డౌన్ అని ఉత్సవం చేస్తారు. 1993 నుంచి ఉంది. దాదాపు ఏటా ఒక కళాకారుడిని పిలిచి, ఎవరెవరు వాయించాలో నువ్వే తేల్చు అంటారు. 2002లో రాక్ గాయకుడు డేవిడ్ బోవీ, 2009లో జాజ్ శాక్సోఫోన్ వాయించే ఆర్నెట్ కోల్‌మన్. ఇది చదివి కుర్రాడికి రెండు రాత్రులు రాసిచ్చెయ్యకండి. అక్కడ టికెట్ ఉంది, నచ్చనివాడు కొనడు. మీది గుడి ఆవరణ, ఊరంతా వస్తుంది, వెళ్లడానికి ఇంకో చోటు లేదు. పైగా అక్కడ ఆ కళాకారుడి వెనకాల కచేరీ నడపడం తెలిసిన సిబ్బంది ఉంటారు. మీ కుర్రాడి వెనక ఎవరున్నారు, మైకు సెట్టు అబ్బాయి తప్ప?

గుత్తొంకాయ:
ఆర్కెస్ట్రా పెట్టెయ్యండి, గొడవ వదిలిపోద్ది.

రెండున్నర శ్రుతి:
మా ఇంట్లో మూడు తరాలుగా సన్నాయి. కాలవగట్టు గారు చెప్పిన కచేరీలో వాయించింది మా పెదనాన్న కొడుకు. డోలు మీద నేనున్నాను. అందుకని కొంచెం ఎక్కువే రాస్తాను, ఏమనుకోకండి.

మాకు ప్రయోగాలంటే భయం లేదు. పెళ్లిలో తాళి కట్టే ముందు శాస్త్రం, తర్వాత సినిమా పాట, ఊరేగింపులో బ్యాండు వాళ్లతో పోటీ, అన్నీ వాయిస్తాం. భయం ఎక్కడంటే శ్రుతి దగ్గర. శ్రుతి అంటే పాటంతా నిలబడే ఆధార స్వరం. మా నాదస్వరం రెండున్నర శ్రుతిది. అది చెక్క. రంధ్రాలు ఒకసారి తొలిచాక అంతే. పీక (నోట్లో పెట్టుకుని ఊదే రెల్లు ముక్క) మార్చో, పెదవి బిగించో శ్రుతి మొత్తాన్ని వెంట్రుకవాసి జరపగలం, అర మెట్టు జరపలేం. గిటార్ల వాళ్ల మీది తీగ మూడో శ్రుతిలో, అంటే మాకంటే అర మెట్టు పైన ఉంటుంది. ఆ అబ్బాయి పాటలన్నీ అక్కడ కట్టుకుని వచ్చాడు. రిహార్సల్ ఎంతసేపు? సాయంత్రం ఆరింటికి, మైకులు కడుతుండగా, పావుగంట. మా అన్న యాభై నిమిషాలూ పెదవి నొక్కి పైకి లాగుతూనే వాయించాడు. మర్నాడు కింది పెదవి వాచి పచ్చిమిరపకాయ తగిలినట్టుంది, సాంబారు అన్నం కూడా తినలేకపోయాడు. అయినా శ్రుతి కలవలేదు. జనం లేచిపోయింది ల్యాప్‌టాప్ చూసి కాదు. చెవికి ఎక్కడో గుచ్చుకుంటోంది, అదేమిటో వాళ్లకి తెలియదు, లేచారు.

తీగ వాయిద్యం వాడు బిరడా కాస్త తిప్పితే దిగుతుంది. మేము దిగలేం. మరి కలిసి వాయించడమంటే ఎవరు ఎవరి దగ్గరికి రావాలి?

ఇంకోటి. పోస్టర్ మీద గిటార్ అబ్బాయి ఫొటో ఉంది, ల్యాప్‌టాప్ అమ్మాయి పేరుంది, కంజీర ఆయన పేరుంది. మేము 'సన్నాయి బృందం'. డబ్బుల్లో మోసం జరగలేదు, పెళ్లికి ఇచ్చేదే ఇచ్చారు. కానీ పెళ్లిలో మాకు రిహార్సల్ అక్కర్లేదు కదా. కొత్త సంగీతం కావాలంటే రెండు రోజుల ముందు పిలవాలి, ఆ రెండు రోజుల కూలీ కూడా ఇవ్వాలి. మార్గశిరం మా సీజన్. ఆ రెండు రోజుల్లో ఒక పెళ్లి పోతుంది.

మావుళ్ళమ్మ వీధి:
ఇది నాకు తెలియదండి. పెదవి సంగతి చదివి బాధేసింది. కానీ చూడండి, వాయించేవాడి చేతిలో పెడితే ఇంకో వాయించేవాడికే ఇలా జరిగింది. నా మాటే నెగ్గినట్టు.

నాలుగు తీగలు:
ఆ కుర్రాణ్ణి నేనే. నాన్న ఈ చర్చ చూసి లింక్ పంపారు.

తప్పు నాదే. శ్రుతి సంగతి నాకు ఆరింటికి తెలిసింది. అప్పుడైనా దించుకోవచ్చు. మా ట్రాకులన్నీ కంప్యూటర్లో మూడో శ్రుతిలో కట్టి ఉన్నాయి, మార్చాలంటే టైమ్ పడుతుందని టెన్షన్‌లో 'సర్దుకోండి అన్నా' అన్నాను. ఆయన సర్దుకున్నారు. ఉత్సవం ఎంచడమంటే కొత్త కొత్త పేర్లు పక్కపక్కన రాయడం అనుకున్నాను. అసలు ఆయనకి ఏం వాయించాలని ఉందో అడగనే లేదు.

ఒకటి మాత్రం చెప్పాలి, అది మీరెవరూ చూడలేదు. అంతా అయిపోయి రాత్రి ఒంటిగంటన్నర. మేళం వాళ్లకి ఫస్ట్ బస్సు దాకా దారి లేదు. కోనేటి మెట్ల మీద కూర్చున్నాం. అన్న పీక తుడుచుకుంటూ 'ఆ పెద్ద తీగ అర మెట్టు దించు' అన్నారు. దించాను. 'దాన్నే పట్టుకుని ఉండు, ఇంకేం చెయ్యకు' అన్నారు. గిటార్ మోగే చిన్న ఆంప్ (స్పీకర్ పెట్టె) బ్యాటరీ మీద నడుస్తుంది. నేను ఒకే స్వరం మీటుతూ కూర్చున్నాను, ఆయన నీలాంబరి రాగం ఎత్తుకున్నారు. దేవుడికి పవళింపు సేవలో వాయించేదట. కింద తీగ మోగుతుంటే నీళ్ల మీద వణుకు కనిపించింది. అది నా ఊహ కూడా కావచ్చు. బఠాణీల బండి ఆయన దీపం ఆర్పబోయి ఆగిపోయాడు. కుర్చీలు మడతపెట్టే కుర్రాళ్లు, పూజారి గారు, అందరం కలిసి పది మంది లేము. అరగంట. పన్నెండేళ్లుగా బేస్ వాయిస్తున్నాను, ఒకే స్వరం వాయించి అంత చెమట ఎప్పుడూ పట్టలేదు.

రెండు రాత్రులు నాకొద్దు. ఎంచే పని నాకు ఒక్కడికీ వద్దు. అన్న కూడా కూర్చుంటే వస్తాను.

పాలకొల్లు ప్యాసింజర్:
గురువు పాడాడు, కుర్రాడు తీగ మీద వెతుక్కున్నాడు. నేను చెప్పిందీ ఇదే కదా!

కోనసీమ టు క్రాయిడన్:
అయితే రాత్రి పది గంటల స్లాట్ ఎందుకు? ఆ సంగీతం పది మందికి పట్టిన వేళలోనే పెట్టండి. నాటకానికీ ఆర్కెస్ట్రాకీ మధ్య ఇరికిస్తే ఎంత మంచిదైనా విశ్రాంతి సమయంలా ఉంటుంది. ఎవరు వాయించాలన్నది సగమే. ఎప్పుడు, ఎక్కడ అన్నది మిగతా సగం.

మావుళ్ళమ్మ వీధి:
ఒంటిగంటన్నరకి మా అమ్మ రాదు.

కాలవగట్టు:
మీటింగ్ అయింది. రెండు గంటలు అరుచుకున్నాం. వద్దన్న తొమ్మిది మందిలో నలుగురు మెత్తబడ్డారు, అదీ రెండున్నర శ్రుతి గారు రాసింది ఫోన్లో చదివి వినిపించాక. చివరికి తేలింది ఇది. అయిదు రాత్రులూ పాత పద్ధతే, కమిటీదే. షష్ఠి నాడు తెల్లవారుజామున మూడింటికే దర్శనానికి క్యూ కడతారు, తడి బట్టలతో గంటలకొద్దీ నిలబడతారు. ఆ వేళ కోనేటి మెట్ల మీద మేళం, కింద ఒక తీగ. ల్యాప్‌టాప్ అమ్మాయి వస్తానంటే రావచ్చు, కానీ రైస్‌మిల్లు చప్పుడు వద్దని ఖజానాదారు గట్టిగా చెప్పారు. లాకుల నీళ్లకి ఆయన అభ్యంతరం లేదట. ఏం వాయించాలన్నది సన్నాయి ఆయనా, గిటార్ కుర్రాడూ కూర్చుని తేల్చుకుంటారు. రెండు రోజుల రిహార్సల్ కూలీకి బాణాసంచా లెక్కలోంచి తీశాం. దీని మీద ఇంకా ఇద్దరు అలిగి ఉన్నారు.

మావుళ్ళమ్మ వీధి:
క్యూలో నిలబడ్డవాడు లేచిపోవడానికి కూడా ఉండదు. తెలివైన వాళ్లే. వస్తాను, మా అమ్మని కూడా తెస్తాను. నచ్చకపోతే ఇక్కడే రాస్తాను.

రెండున్నర శ్రుతి:
పోస్టర్ మీద పేరు వేస్తున్నారా?

కాలవగట్టు:
వేస్తున్నామండి, అందరికంటే పైన. ఫొటో అడిగితే ఎవరిదో పెళ్లి ఆల్బమ్‌లోది పంపారు, పక్కన పెళ్లికొడుకు సగం కనబడుతున్నాడు. కత్తిరించమంటారా, ఇంకోటి పంపిస్తారా?