లోపలి నట్ ఊడి తిరుగుతుంటే రేకు కోయాలా, రివెట్ నట్ చాలా?

ప్రశ్న: 1972 అంబాసిడర్ మార్క్ 2 బాగు చేయిస్తున్నాను. ముందు సీటు బోల్ట్ విప్పబోతే, ఫ్లోర్ లోపల నట్ వెల్డింగ్ ఊడి బోల్ట్‌తో పాటే తిరుగుతోంది. స్పానర్ పెట్టే దారి లేదు. రేకు కోసి కొత్త నట్ వెల్డ్ చేద్దామని టింకరింగ్ మేస్త్రి, రివెట్ నట్ (వెనక చెయ్యి అందకపోయినా, ముందు వైపు నుంచే రంధ్రంలో నొక్కి బిగించే నట్) చాలని స్నేహితుడు. ఏం చేయమంటారు?

మొదటి సభ్యుడు: రేకు జోలికి పోకండి. 50 ఏళ్లు దాటిన బండిని 2021 నిబంధనల కింద వింటేజ్‌గా రిజిస్టర్ చేయించాలంటే బాడీ షెల్‌లో మార్పులు ఉండకూడదు. పైగా వెల్డింగ్ వేడికి లోపలి పూత కాలిపోయి, అక్కడే మళ్లీ తుప్పు మొదలవుతుంది. స్టీల్ రివెట్ నట్ వేయించండి.

రెండో సభ్యుడు: ఒప్పుకోను. ఉన్న నట్‌ను ఉన్నచోటే మళ్లీ నిలబెట్టడం మరమ్మతు, మార్పు కాదు. రివెట్ నట్ పట్టు అంతా దాని చుట్టూ ఉన్న రేకు మీదే. తుప్పు తిని పల్చబడిన రేకు దాన్ని ఎన్నాళ్లు పట్టుకుంటుంది? నంబర్ ప్లేట్‌కి సరే. మనుషులు కూర్చునే సీటుకి మాత్రం వద్దు, దయచేసి వద్దు.

ముందు బోల్ట్ తల గ్రైండర్‌తో కోసేయండి. బలవంతంగా తిప్పితే రంధ్రం పెద్దదవుతుంది. నట్ పక్కన రేకును మూడు వైపులా కోసి మూతలా పైకి మడవండి. కొత్త నట్ మీద జింక్ పూత ఉంటే గీకేయండి, ఆ పొగ ఒంటికి మంచిది కాదు. నట్‌లో ఓ పాత బోల్ట్ బిగించి, సీటు జరిగే పట్టాతో సరిచూసుకుని, అలా ఉంచే టాకాలు (చుక్కల్లా చిన్న వెల్డింగ్‌లు) వేయించండి. నట్ లోపలి మరల్లో (చుట్ల గాడిలో) నిప్పురవ్వలు పడవు. చల్లారాక ట్యాప్ (మరలు కోసే పనిముట్టు) తిప్పి, మూత మూసి, కొంచెం కొంచెంగా వెల్డ్ చేయించాలి. లోపలికి క్యావిటీ వ్యాక్స్ (బోలు భాగాల్లో తుప్పు పట్టకుండా కొట్టే మైనం) కొట్టించండి, తుప్పు భయానికి మందు అదే.

మరలు చూసుకోండి. అంబాసిడర్ మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కాబట్టి అంగుళాల కొలత. 5/16 అంగుళం అంటే 7.94 మిల్లీమీటర్లు. 8 ఎంఎం బోల్ట్ మొదట్లో ఎక్కినట్టే ఉంటుంది, తర్వాత పట్టేసి మరలు తినేస్తుంది.

మొదటి సభ్యుడు: సీటు విషయంలో మీ మాట సబబే. కానీ కింద నుంచి చెయ్యి అందే చోట ఇంత కోత ఎందుకు? ప్లేట్, నట్ వేసి బిగిస్తే పోయేదానికి!

రెండో సభ్యుడు: అందితే నిక్షేపంగా చేయొచ్చు. కొత్తగా సీటు బెల్ట్ పెట్టేవాళ్లు కూడా ఫ్లోర్ కింద 3 ఎంఎం ప్లేట్ తప్పక వేయించాలి. ఉత్త వాషర్ అయితే గట్టి కుదుపుకి రేకు చీల్చుకుని పైకి వచ్చేస్తుంది.

ప్రశ్న అడిగినవారు: నాది మూసుకుపోయిన బాక్స్ సెక్షన్ (చుట్టూ రేకుతో పెట్టెలా మూసిన బోలు భాగం), చెయ్యి అందదు. కోయక తప్పదేమో. పై నుంచా, కింద నుంచా?

రెండో సభ్యుడు: పై నుంచే. అతుకు కార్పెట్ కింద ఉంటుంది, రోడ్డు నీళ్లు తగలవు. కార్పెట్, సీట్లు బయట పెట్టించి, బ్యాటరీ తీగ విప్పించాకే వెల్డింగ్ మొదలుపెట్టమనండి.