సూర్యలంక ఇసుకలో యాళి నిలుస్తుందా?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట)
కార్తీక పౌర్ణమికి మా వీధి పిల్లల్ని సూర్యలంక తీసుకెళ్తున్నాం. ఒడ్డున ఇసుకతో యాళిని చేయాలని వాళ్ల పట్టుదల. గుళ్లో స్తంభాల మీద సింహం ఒళ్లు, ఏనుగు తొండంతో ముందుకాళ్లెత్తి నిలబడి ఉంటుందే, అది. మేడ మీద ఇల్లు కట్టే ఇసుకతో చేసి చూస్తున్నాం. ఒళ్లు కుదురుతోంది గానీ తొండం పెట్టగానే ఊడిపోతోంది. సిమెంటు, జిగురు కలపడం నాకిష్టం లేదు. బొమ్మ గీసి గోడకి అంటించుకున్నారు పాపం, ఎలాగైనా చేయించాలని ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (బాపట్ల)
అక్కా, ముందు తేదీ మార్చండి. కార్తీక పౌర్ణమికి సముద్రస్నానాల జనంతో అక్కడ కాలు పెట్టే సందుండదు. పైగా పౌర్ణమికీ అమావాస్యకీ పోటు ఎక్కువ. ఆ తర్వాతి బహుళ అష్టమి, నవమి రోజుల్లో అలలు అంత పైకి రావు. అష్టమి నవములని శంకించకండి, ఈ పనికి అవే మంచి రోజులు. పోటుకీ పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు ఉంటుంది. నీళ్లు వెనక్కి తగ్గడం మొదలవగానే, అల వదిలిన గీతకి బాగా పైన చోటు చూసుకోండి.

జవాబు (విజయవాడ)
అమ్మా, నేను వినాయకుడి మట్టి బొమ్మలు చేస్తాను. మట్టికి తొండం అతికించొచ్చు, ఇసుకకి కుదరదు. ఇసుక బొమ్మంటే దిబ్బ కట్టి చెక్కేదే. రేణువుల మధ్య పల్చటి నీటి పొరే వాటిని పట్టి ఉంచుతుంది. నీళ్లు మరీ ఎక్కువైతే ఆ పట్టు పోయి జారిపోతుంది. ఇల్లు కట్టే ఇసుక గరుకు, అందులో సన్నపని నిలవదు.

పెద్ద పెయింటు డబ్బా అడుగు కోసి, వెడల్పు వైపు నేలకి ఆనించి బోర్లించండి. జానెడు చొప్పున ఇసుక పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో గట్టిగా కొట్టండి. నిండాక డబ్బా పైకి లాగేసి, తల నుంచి కిందికి చెక్కుతూ రండి. అప్పుడు రాలిన ఇసుక పూర్తయిన చోట పడదు.

యాళిని మాత్రం కూర్చోబెట్టండి. కాళ్లెత్తి నిలబడ్డది రాతికే చెల్లు. తొండం రొమ్ముకి ఆనుకుని దిగి, కొస నేల మీద చుట్ట చుట్టుకోవాలి. దాని రెండు అంచుల వెంట చెంచా కాడతో వేలు లోతు గాడి తీయండి. సాయంత్రం ఏటవాలు ఎండకి ఆ గాడిలో నీడ పడి, తొండం ఒంటి నుంచి విడిగా వేలాడుతున్నట్టే కనిపిస్తుంది. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైనది ఆ నీడే.

పూరీ సుదర్శన్ పట్నాయక్ గారి బొమ్మల ఫొటోలు పిల్లలకి చూపించండి. 2014లో పద్మశ్రీ అందుకున్న కళాకారుడు. ఆయన బొమ్మలు చాలావరకు వాలు దిబ్బకి ఆనుకునే ఉంటాయి.

జవాబు (విజయవాడ, పటమట)
మాకు మంగినపూడి దగ్గర కదా, అక్కడ కుదరదా?

జవాబు (బాపట్ల)
అక్కడ నల్లమట్టి అన్నా. ఈ పనికి ఇసుకే కావాలి.

ప్రశ్న అడిగినవారు
తేదీ అష్టమికి మార్చేశాం. పిల్లలు కూర్చున్న యాళిని మళ్లీ గీస్తున్నారు. కళ్లకి గవ్వలు పెట్టమంటారా అన్నయ్యా?

జవాబు (విజయవాడ)
వద్దమ్మా. గుడ్డు ఉబ్బెత్తుగా ఉంచి, చుట్టూ లోతుగా తవ్వండి. స్ట్రాతో ఊది ఇసుక దులపండి, చెయ్యి పెట్టొద్దు. పిచికారీ సీసాతో నీళ్లు చల్లుతూనే ఉండాలి, మొహం ముందు ఆరిపోతుంది.