పసుపెక్కిన పాత రెజిన్ బొమ్మకి పూర్తి రేటు ఇవ్వాలా?

కొత్తపేట_చిన్ని
అందరికీ నమస్తే. బెంగళూరులో ఒకావిడ తన వోక్స్ సూపర్ డాల్ఫీ అమ్మకానికి పెట్టారు (కొత్తవాళ్ల కోసం: జపాన్ వోక్స్ కంపెనీ వాళ్లు రెజిన్ అనే గట్టి ప్లాస్టిక్‌తో పోసే, కీళ్లు కదిలే బొమ్మ). పెద్ద సైజు అమ్మాయి, తెల్ల స్కిన్, 2008 ప్రాంతంలో కొన్నదట. పెట్టె, సర్టిఫికెట్ ఉన్నాయి. 65 వేలు అడుగుతున్నారు. రంగు గురించి మాత్రం "వయసుకు తగ్గట్టు కాస్త మారింది" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. ఫొటోలన్నీ రాత్రిపూట పసుపు బల్బు కింద తీసినవే. ఆ వెలుతురులో పాలగ్లాసు పెట్టినా పసుపుగానే కనిపిస్తుంది. జపాన్ నుంచి తెప్పిద్దామంటే కస్టమ్స్ తలుచుకుంటేనే టెన్షన్. తీసుకోనా, వద్దా?

అటకమీద_పెట్టె
తీసుకో చిన్నీ. రెజిన్ బొమ్మ అన్నాక పసుపెక్కుతుంది, అది డ్యామేజీ కాదు. 1999లో వోక్స్ వాళ్లు ఈ సూపర్ డాల్ఫీలు మొదలుపెట్టినప్పటి నుంచి ఉన్న సంగతే. నువ్వు డబ్బులిచ్చేది ఆ ముఖానికి. ఆ అచ్చు మళ్లీ పోస్తారో లేదో ఎవరికీ తెలియదు. రంగు కోసం బేరం పెడితే రేపు ఇంకొకరు ఎగరేసుకుపోతారు. తరువాత కూర్చుని ఏడవాలి.

సాగరతీరం
వద్దు. తీసుకున్నా 40కి పైసా ఎక్కువ ఇవ్వకు.

ముందు పగటి వెలుతురులో, బొమ్మ పక్కన తెల్ల కాగితం పెట్టి ఫొటో పంపమను. పంపనంటే అక్కడే అర్థమైపోతుంది. "కాస్త మారింది" అనే మాట నమ్మి నేను 70 వేలు పోశాను. పార్సిల్ విప్పితే తల ఒక రంగు, ఒళ్లు ఇంకో రంగు. తలకి విగ్ పెట్టి పెట్టెలో దాచారు, ఒంటిని షోకేసులో ట్యూబులైటు కింద నిలబెట్టారు. మెడ దగ్గర గీత గీసినట్టు తేడా. హైనెక్ డ్రెస్ వేస్తే తప్ప చూడలేం. అమ్మినావిడని అడిగితే "నేను చెప్పాను కదా" అన్నారు.

నైలాన్_విగ్గు
హైడ్రోజన్ పెరాక్సైడ్ రాసి ఎండలో పెడితే తెల్లబడుతుందట కదా. యూట్యూబ్‌లో చూశాను.

మోహన్_మోడల్స్
దయచేసి చేయకండి. అది పాత కంప్యూటర్ల ఏబీఎస్ ప్లాస్టిక్‌కి వాడే చిట్కా. ఈ బొమ్మలది పాలీయురెథేన్ రెజిన్. దీని తయారీలో మామూలుగా వాడేది ఆరోమాటిక్ రకం ఐసోసయనేట్ అనే రసాయనం. ఎండలోని యూవీ, గాలిలోని ఆక్సిజన్ తగిలితే అందులో పసుపు రంగు పదార్థాలు పుడతాయి. వేడి తోడైతే ఇంకా తొందరగా. చీకట్లో పెడితే నెమ్మదిస్తుంది కానీ ఆగదు. రంగు మారని రకం ఐసోసయనేట్లు లేకపోలేదు, వాటి ఖరీదు ఎక్కువ. బొమ్మని ఎండలో పెట్టడమంటే ఏ ఎండ పాడుచేసిందో దాని చేతికే మళ్లీ ఇవ్వడం.

డాలస్_దివ్య
తెల్ల స్కిన్ ఒక్కటే మారుతుందా ఏంటి? నా దగ్గర ఉన్న టాన్ స్కిన్ బొమ్మ వెలిసిపోయి, మోకాళ్ల దగ్గర ఆకుపచ్చ ఛాయ కొట్టింది. దాని గురించి ఒక్కరూ పోస్టు పెట్టరు. ఈ గ్రూపులో అందరికీ తెల్ల పిల్లే కావాలి, ఆ తెల్ల పిల్ల ఎప్పటికీ తెల్లగానే ఉండాలి. పెళ్లిచూపులు గుర్తొస్తున్నాయి నాకైతే.

అటకమీద_పెట్టె
తెల్ల కాగితం సలహా ఇచ్చేవాళ్లకి ఒక మాట. మనం ప్రింటర్‌లో పెట్టే ఏ4 కాగితం నిజంగా తెలుపు కాదు. తెల్లగా మెరవాలని మిల్లులోనే బ్రైట్‌నర్లు కలుపుతారు. పగటి వెలుతురులో అది నీలంగా మెరుస్తుంది. దాని పక్కన కొత్త బొమ్మని నిలబెట్టినా పసుపుగానే కనిపిస్తుంది. కాగితం పెట్టి తీసిన ఫొటో చూసి అమ్మేవాళ్లని దొంగల్ని చేయడం ఈ గ్రూపులో అలవాటైపోయింది.

సాగరతీరం
అక్కా, కాగితం లేకపోతే ఫోన్ కెమెరా తన ఇష్టం వచ్చినట్టు రంగు సర్దేస్తుంది. పసుపు బొమ్మని తెల్లగా చూపించగలదు, తెల్లదాన్ని పసుపుగా చూపించగలదు. ఏదో ఒక ఆధారం ఉండాలి కదా. ఏ4 వద్దంటే తెల్ల గుడ్డ పెట్టమనండి.

అటకమీద_పెట్టె
గుడ్డకి మాత్రం? ఉతికే పౌడర్లలోనూ అవే బ్రైట్‌నర్లు ఉంటాయి.

సాగరతీరం
అంటే మీ లెక్కన లోకంలో తెలుపు అనేదే లేదు. అమ్మేవాళ్లకి ఇంతకంటే హాయి ఏముంది!

మోహన్_మోడల్స్
కాగితం, గుడ్డ రెండూ అక్కర్లేదు. విగ్ తీయించి, తల వెనక మూత తెరిచి లోపలి వైపు ఫొటో అడగండి. అక్కడ వెలుతురు పడదు కాబట్టి పాత రంగు చాలావరకు నిలుస్తుంది. లోపలి రంగు, నుదుటి రంగు ఒకే ఫొటోలో పక్కపక్కన కనిపిస్తాయి. ఏ బల్బు కింద తీసినా తేడా తెలుస్తుంది. మోచేతి కీలు విడదీసి లోపలి గిన్నె చూపించినా సరే.

ఇంకొకటి. ముఖం ఒక్కటే పసుపుగా ఉంటే అది రెజిన్ తప్పు కాకపోవచ్చు. పెయింట్ నిలవాలని పైన కొట్టే సీలర్ స్ప్రే కూడా పాతబడితే పసుపెక్కుతుంది. ఫేస్ పెయింట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచేస్తే కింద రెజిన్ శుభ్రంగా బయటపడిన సందర్భాలున్నాయి. అసిటోన్ మాత్రం ముట్టుకోవద్దు, రెజిన్‌నే తినేస్తుంది.

కొత్తపేట_చిన్ని
థాంక్స్ అండీ. తల మూత ఫొటో అడిగాను. ఇంకా చూడలేదు ఆవిడ.

నైలాన్_విగ్గు
పసుపెక్కిందంటే కనీసం నకిలీది కాదని గ్యారంటీ అనుకోవచ్చా?

డాలస్_దివ్య
నకిలీ పోతలూ రెజినే. అవీ పసుపెక్కుతాయి.

అటకమీద_పెట్టె
తల ఒక రంగు, ఒళ్లు ఒక రంగు అన్న కథ దగ్గరికి వద్దాం. ఆ బొమ్మని చివరికి ఏం చేశారో కూడా ఇక్కడ చెబితే బాగుంటుంది సాగరతీరం గారూ.

సాగరతీరం
దాచేదేముంది? శాండింగ్ చేసే ఒకాయనకి ఇచ్చాను. పసుపు ఎక్కువగా పైపొరలోనే ఉంటుంది, తడిపి సన్నటి శాండ్ పేపర్‌తో రుద్దితే పోతుంది అన్నారు. పోయింది. దాంతోపాటు పైకనురెప్ప మీద ఉండే సన్నటి మడత కూడా పోయింది. గోళ్ల అంచులు మొద్దుబారాయి. పసుపు లేకుండా ఇచ్చి ఉంటే నేను దాన్ని రుద్దించేదాన్నే కాదు కదా.

అటకమీద_పెట్టె
అదీ సంగతి. లిమిటెడ్ ఎడిషన్ ముఖాన్ని గీకించేసి ఆ తప్పు అమ్మినావిడ నెత్తిన వేస్తున్నారు. పార్సిల్ అందాక మూడు నెలలు నోరెత్తలేదు. ముఖం పాడయ్యాక డబ్బులు వెనక్కి ఇమ్మన్నారు. ఏ షాపువాడు ఇస్తాడు?

నైలాన్_విగ్గు
మూడు నెలలని ఆవిడ ఎక్కడా రాయలేదే! మీకెలా తెలుసు అక్కా?

సాగరతీరం
ఎలా తెలుసంటే, అమ్మింది ఆవిడే కాబట్టి. పేరు తీయకూడదని ఇంతసేపు ఊరుకున్నాను. చిన్నీ, నీకు "తీసుకో, బేరం పెట్టకు" అని సలహా ఇస్తున్న మేడమ్ దగ్గరే నేను కొన్నాను.

అటకమీద_పెట్టె
అవును, నేనే. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. మా వారి ఉద్యోగం మీద యొకొహామాలో ఉన్నప్పుడు కొన్న బొమ్మ అది. ఎన్ని ఇళ్లు మారినా చంటిపిల్లలా చూసుకున్నాను. రంగు మారిందని చెప్పే అమ్మాను. ఎంత మారిందో కొలిచి చెప్పడానికి నా దగ్గర మీటర్ లేదు. 70 అన్న రేటు కూడా నేను పెట్టలేదు. నేను 50 అని పెడితే మీరు ముగ్గురు పోటీపడి పెంచారు. నా మెసేజ్‌లు ఇప్పటికీ ఉన్నాయి.

సాగరతీరం
మెసేజ్‌లు నా దగ్గరా ఉన్నాయి మేడమ్. "తల, ఒళ్లు ఒకే రంగులో ఉన్నాయా?" అని నేను అడిగిన మెసేజ్, దానికి మీరు పెట్టిన నవ్వు ఎమోజీ.

డాలస్_దివ్య
అమ్మో.

అటకమీద_పెట్టె
నాకు ఒకే రంగులో కనిపించాయి. రోజూ చూసే కళ్లకి తెలియదు. మెల్లిగా మారేది ఇంట్లోవాళ్లకి ఎప్పుడూ కనిపించదు. బొమ్మ మీద ఇష్టంతో కొన్నవాళ్లెవరూ ఇంత గోల చేయరు. ఇందాక చిన్నికి ఎంత తగ్గించాలో చెప్పారే, ఆ లెక్క చూస్తే తెలుస్తోంది. మీరు కొన్నది బొమ్మని కాదు, షేరుని. ఆ శాండింగ్ కూడా తిరిగి అమ్మడానికే కదా చేయించారు? ఎవరూ 70 ఇవ్వలేదు, అందుకే కోపం.

సాగరతీరం
అమ్మడానికే చేయించాను. ఇంట్లో అవసరం వచ్చింది. అదేమైనా నేరమా?

అసలు నాకు మండేది ఎక్కడో చెబుతాను వినండి. మీరు కొన్నప్పుడు ఇది కొత్త బొమ్మ, రంగు కొత్త, రేటు పాతది. బొమ్మల మీద కస్టమ్స్ డ్యూటీ 2020 బడ్జెట్‌లో 20 నుంచి 60 శాతానికి పోయింది, 2023లో 70 అయింది. దాని మీద జీఎస్టీ వేరే. దాంతో మాలాంటివాళ్లకి బయటి నుంచి తెప్పించుకునే దారి మూసుకుపోయి, ఇక్కడ మీలాంటి పాతవాళ్ల దగ్గర ఉన్నవే దిక్కయ్యాయి. మీ బొమ్మ రేటు అలా పెరిగింది, మీరేమీ చేయకుండానే. సరే, ఆ లాభం మీది, తీసుకోండి. కానీ రేటు పెరిగితే మీ ఖాతాలో, వయసు పెరిగితే మా ఖాతాలోనా? తెల్లగా ఉన్న రోజులన్నీ చూసుకున్నది మీరు. పసుపు మాకిచ్చి, తెల్ల బొమ్మ రేటు వసూలు చేశారు.

మోహన్_మోడల్స్
ఈ మాటతో మొదలుపెట్టి ఉంటే కాగితం గొడవ తప్పేది.

అటకమీద_పెట్టె
పాత వీణ కొనేటప్పుడు పాలిష్ పోయిందని సగం రేటుకి అడుగుతారా?

డ్యూటీ నేను వేయలేదు. ఒకప్పుడు ఈ బొమ్మలు కొంటుంటే మా అత్తగారింట్లో అందరూ నవ్వేవారు, "అంత డబ్బు పోసి బొమ్మా?" అని. ఆ నవ్వులు పడింది నేను. ఏసీ గదిలో, పడమటి కిటికీకి యూవీ ఫిల్మ్ అంటించి, కీళ్లని పట్టి ఉంచే లోపలి ఎలాస్టిక్ సాగినప్పుడల్లా మార్చి నిలబెట్టింది నేను. విజయవాడ ఎండల్లో అటకమీద పడేసి ఉంటే ఈపాటికి ఏ రంగులో ఉండేదో మోహన్ గారిని అడగండి. ఇప్పుడు మీరందరూ వచ్చి "పసుపు, కాబట్టి సగం" అంటే, పాత కలెక్షన్ ఉన్నవాళ్లందరం చేతిలో ఏమీ లేనట్టే. నా దగ్గర ఇంకా అమ్మాల్సినవి ఉన్నాయి. నాకూ ఇంట్లో అవసరాలున్నాయి.

నైలాన్_విగ్గు
ఓహో. చిన్నికి బేరం పెట్టొద్దన్నది అందుకా?

అటకమీద_పెట్టె
అందుకే అనుకో. చిన్ని 40కి కొంటే రేపు నా బొమ్మలకీ అదే రేటు చెబుతారు. ఇక్కడ బయటపడే లావాదేవీలే తక్కువ.

కొత్తపేట_చిన్ని
మీరిద్దరూ ఏమీ అనుకోకండి. ఆవిడ ఫొటో పంపారు. తల మూత లోపల చల్లటి తెలుపు, బయట లేత దంతం రంగు. ఒంటికీ తలకీ తేడా లేదు, చేతి కీలు విడదీసి కూడా చూపించారు. బుగ్గల మీద మాత్రం మరకల్లా పసుపు ఉంది. మోహన్ గారు చెప్పిన సీలర్ స్ప్రే సంగతే అనిపిస్తోంది. నేను 55 అన్నాను, ఆవిడ 58 అన్నారు. ఒప్పుకున్నాను. ఫేస్ పెయింట్ మళ్లీ వేయించాలి.

మోహన్_మోడల్స్
మంచి రేటే. కొత్త పెయింట్ మీద యూవీ కట్ రకం సీలర్ కొట్టమనండి. రేపెప్పుడైనా ఏ చేతో పాదమో విరిగి కొత్తది తెప్పిస్తే మాత్రం రంగు కలవదు, ముందే తెలిసి ఉండండి.

సాగరతీరం
నా లెక్కలో 58 ఎక్కువే. కానీ ఆవిడ అడగ్గానే కీలు విడదీసి చూపించారు చూడు, ఆ పైన ఇచ్చినదంతా దానికే అనుకో. నాకు అది కూడా దక్కలేదు.

అటకమీద_పెట్టె
సాగరతీరం, నువ్వు ఆ బొమ్మని ఇంకా అమ్మకపోతే నాకు వెనక్కి ఇచ్చేయ్. 45 ఇస్తాను.

సాగరతీరం
70కి అమ్మి 45కి కొంటారా! కండిషన్‌తో పనిలేదు, ముఖానికే రేటు అన్నది ఎవరు మేడమ్?

అటకమీద_పెట్టె
ఇప్పటికీ అదే అంటున్నాను. పసుపుకి ఒక్క రూపాయి తగ్గించలేదు. తగ్గించిందంతా ఆ కనురెప్ప మడతకి.

సాగరతీరం
55 అయితే పంపిస్తాను. రెండువైపులా కొరియర్ మీదే.

అటకమీద_పెట్టె
రెండువైపులా ఏమిటి? వచ్చేది ఒకవైపే కదా.

సాగరతీరం
అప్పుడు మీరు పంపినప్పటి కొరియర్ కూడా నేనే కట్టాను. మీకు గుర్తుండదు.