సెమీ క్రిస్మస్ తేదీ తేల్చండి: ఫ్రాంక్‌ఫర్ట్ వాలంటీర్లకు

కోఆర్డినేటర్:
అన్నలూ, అక్కలూ, మన చిత్తూరు, తిరుపతి వాళ్ల సెమీ క్రిస్మస్‌కి తేదీ తేల్చాలి. పోయినసారి సంక్రాంతితో కలిపి జనవరి రెండో వారంలో పెట్టి నవ్వులపాలయ్యాం. మనం స్టార్ కట్టేసరికి ఈ ఊరి జనం తమ చెట్లు తీసి రోడ్డు పక్కన పడేశారు. హాల్ కేర్‌టేకర్ మన చెట్టు కూడా చెత్తే అనుకుని ఈడ్చుకెళ్తుంటే నేనే పరిగెత్తి ఆపా. ఈసారి ముందే కానిద్దాం. నవంబర్ 22, ఆదివారం హాల్ ఖాళీ. డిసెంబర్‌లో ఊరెళ్లేవాళ్లకీ వీలు.

హాల్ బుకింగ్:
22 వద్దన్నా. ఆరోజు టోటెన్‌జోన్‌టాగ్, పోయినవాళ్లను తలుచుకునే ఆదివారం. 1816లో ప్రష్యా రాజు పెట్టాడు. ఇక్కడి ప్రొటెస్టెంట్లు సమాధుల దగ్గరికి వెళ్లే రోజు. దాన్ని నిశ్శబ్ద దినం అంటారు, చట్టంలోనే డాన్సులకు ఆంక్షలున్నాయి. మనం స్పీకర్లు పెట్టి పిల్లల చేత స్టెప్పులేయిస్తే, మనింట్లో తద్దినం రోజు పక్కింటివాళ్లు బ్యాండుమేళం పెట్టినట్టే. సెప్టెంబర్ నుంచే సూపర్ మార్కెట్లో లేబ్‌కూకెన్, అదే క్రిస్మస్ మసాలా బిస్కెట్లు, అమ్ముతున్నారుగా అంటారేమో. అది వాళ్ల బేరం. క్రిస్మస్ సంతలు చాలా ఊళ్లలో ఆ ఆదివారం దాటాకే తెరుస్తారు.

క్యారల్స్ టీమ్:
నేనిప్పుడు చిత్తూరులో ఉన్నా, 20న తిరిగొస్తా. మా అమ్మనడిగితే ఒకటే మాట: డిసెంబర్ ఒకటిన స్టార్ పైకెక్కాలి, అంతకుముందు కడితే వీధిలో నవ్వుతారు. చిన్నప్పుడు నాన్న సరుగుడు కొమ్మ తెచ్చి, ఇసుక పోసిన నూనె డబ్బాలో నిలబెట్టేవాడు. మందుల షాపు దూదిని పీకి కొమ్మల మీద అతికించడం మా పని. జిగురుకి వేళ్లకంటుకున్న దూదే ఎక్కువ. రాత్రి పదకొండు దాటాక క్యారల్స్‌కి పోతే ఇంటింటా టీ, మురుకులు. నాలుగో ఇంటికే పొట్ట నిండేది, ఏడో ఇంట్లో వద్దంటే ఆంటీకి కోపం.
క్రిస్మస్‌కి ఎదురుచూసే నాలుగు ఆదివారాల అడ్వెంట్‌లో మొదటిది ఈ ఏడాది నవంబర్ 29. ఆరోజు స్టార్ కట్టి పాటల రిహార్సల్ పెట్టుకుందాం. పార్టీ ఆ తర్వాతే.

వంటల టీమ్:
డిసెంబర్ 16 మాత్రం దాటనీయకండి, ధనుర్మాసం. తిరుమలలోనే సుప్రభాతం బదులు తిరుప్పావై చదివే నెల. తిరుపతి నుంచి మా అత్తమ్మ వస్తున్నారు. ఆ నెలంతా మా ఇంట్లో బిర్యానీ డేక్సా పొయ్యెక్కదు, వండాల్సింది నేనే కదా! పార్టీకి రావడానికి ఆవిడకేం ఇబ్బంది లేదు. గుడ్డు లేని కేక్ ఒకటి ఉంటే చాలట.

కోఆర్డినేటర్:
సరే, డిసెంబర్ 5, శనివారం ఖాయం. మరుసటి రోజు ఇక్కడ నికోలస్ పండగ. నికోలస్ తాత బహుమతులు వేస్తాడని ముందు రాత్రే పిల్లలు బూట్లు తుడిచి గుమ్మం దగ్గర పెట్టుకోవాలి, కాబట్టి ఎనిమిదికల్లా వదిలేద్దాం.
చిత్తూరు చెల్లెమ్మా, మడత పడే పేపర్ స్టార్లు ఆరు తీసుకురా. షాపుల్లోకి ఇంకా రాకపోతే మీ అమ్మ అటక మీదవైనా సరే. నిప్పట్లు రెండు కేజీలు, బట్టల మధ్యలో పెట్టు, పోయినసారి పొడే దిగింది. చెట్టు ఇక్కడే కొంటా. అది చెత్త కాదని కేర్‌టేకర్‌కి ముందే చెప్పి పెడతా.